పిల్లల ఫారంలో తండ్రి పేరు: నార్వేలోని తెలుగు సంఘాలకు ఒక బహిరంగ లేఖ

నార్వేలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం. మీలో చాలామంది ఆయిల్, గ్యాస్ రంగంలో పనిచేస్తున్నారు. మీరు కాకపోతే మీ ఇంట్లోవాళ్లో, పక్కింటి వాళ్లో ఆ పనిలోనే ఉన్నారు. 2025 మార్చి 31న బారెంట్స్ సముద్రంలోని యోహాన్ కాస్ట్‌బెర్గ్ క్షేత్రంలో చమురు ఉత్పత్తి మొదలైనప్పుడు మన వాట్సాప్ గ్రూపులు అభినందనలతో నిండిపోయాయి. హామర్‌ఫెస్ట్ నుంచి వాయవ్యంగా దాదాపు 240 కిలోమీటర్ల దూరం, పూర్తి స్థాయిలో రోజుకు 2,20,000 బ్యారెళ్లు. గర్వపడాల్సిన పనే. ఆ సందడిలో ఎవరో ఒకాయన, "ఇంతకీ ఈ కాస్ట్‌బెర్గ్ ఎవరండీ, పాత ఓనరా?" అని అడిగారు. జవాబు ఎవరూ ఇవ్వలేదు. ఆ జవాబు చెప్పడానికీ, దాంతోపాటు మిమ్మల్ని ఒక పని చేయమని అడగడానికీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

యోహాన్ కాస్ట్‌బెర్గ్ ఏ కంపెనీకీ యజమాని కాదు. ఆయన లాయరు, రాజకీయ నాయకుడు. 1862లో బ్రెవిక్ అనే చిన్న రేవు పట్నంలో పుట్టారు. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయాక కొత్త దేశానికి రాజు కావాలా, వద్దా అన్న వాదన వచ్చినప్పుడు వద్దన్న వాళ్లలో ముందున్నారు. ఆ పోరులో ఓడిపోయారు. కూలీలు, చిన్న రైతుల తరఫున మాట్లాడే 'కార్మిక ప్రజాస్వామ్యవాదులు' అనే చిన్న పార్టీకి ఆయన నాయకుడు. గున్నార్ క్నుద్‌సెన్ ప్రభుత్వంలో 1908 నుంచి 1910 దాకా న్యాయశాఖ మంత్రిగా పనిచేశారు. 1913లో సాంఘిక వ్యవహారాలకు కొత్తగా ఒక మంత్రిత్వ శాఖ పెట్టినప్పుడు దానికి తొలి మంత్రి ఆయనే. మరుసటి ఏడాదే, పని గంటల పరిమితి విషయంలో తోటి మంత్రులతో పొసగక బయటికి వచ్చేశారు. 1926లో చనిపోయారు.

చమురు క్షేత్రానికి ఆయన పేరు పెట్టడానికి తగిన కారణమే ఉంది. ఆ రోజుల్లో ఈ దేశపు జలపాతాలను విదేశీ కంపెనీలు వరసపెట్టి కొంటున్నాయి. కాస్ట్‌బెర్గ్ మంత్రిగా ఉన్న 1909లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం జలపాతం మీద కరెంటు తీయాలనుకునే కంపెనీ ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 60 నుంచి 80 ఏళ్ల గడువు తీరాక జలపాతం, దాని మీద కట్టిన ప్లాంటు రెండూ పైసా పరిహారం లేకుండా ప్రభుత్వానికి చేరాలి. దీని మీద కోర్టుకు వెళ్లారు. 1918లో నార్వే సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు అవునని, ముగ్గురు కాదని అనడంతో ఆ చట్టం నిలబడింది. ప్రకృతి ఇచ్చిన సంపద జనానిదే అన్న ఆ పట్టుదల తర్వాత చమురు విషయంలోనూ ఈ దేశాన్ని నడిపించింది. ఇదంతా మీలో ఇంజినీర్లకు ఎంతో కొంత తెలిసే ఉంటుంది.

నేను చెప్పాలనుకున్నది ఆయన చేసిన ఇంకో పని గురించి. నార్వేలో పాతతరం వాళ్లని కాస్ట్‌బెర్గ్ ఎవరని అడిగితే చాలామంది ముందు చెప్పేది 'కాస్ట్‌బెర్గ్ బాలల చట్టాల' గురించే.

1915కి ముందు ఇక్కడ పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ పరిస్థితి ఎలా ఉండేదో ఊహించడానికి మనకేమీ కష్టం కాదు. తండ్రి ఇంటిపేరు రాదు, తండ్రి ఆస్తిలో వాటా లేదు. ఆ తల్లుల్లో చాలామంది పల్లెల నుంచి పట్నానికి పనిమనుషులుగా వచ్చిన అమ్మాయిలు. కడుపుతో ఉందని తెలియగానే పని పోయేది. వాళ్లు పనిచేసే ఇంట్లోనే పడుకునేవాళ్లు కాబట్టి పనితోపాటు నీడా పోయేది. బిడ్డను ఎవరికో డబ్బులిచ్చి పెంచమని అప్పగించి మళ్లీ పని వెతుక్కునేవాళ్లు. అలాంటి పసివాళ్లలో ఏడాది నిండకుండానే చనిపోయేవాళ్ల సంఖ్య, పెళ్లయిన తల్లుల బిడ్డలతో పోలిస్తే చాలా ఎక్కువగా ఉండేది. తండ్రికి మాత్రం ఏమీ అయ్యేది కాదు. మహా అయితే కొంత పోషణ ఖర్చు ఇవ్వమనేవాళ్లు. దాన్ని రాబట్టుకోవడం ఆ అమ్మాయి తంటా.

ఈ విషయాన్ని జనం ముందుకు తెచ్చింది కాస్ట్‌బెర్గ్ ఒక్కరే కాదు. ఆయన భార్య కారెన్‌కు తోబుట్టువు, కట్టి ఆంకర్ మొల్లెర్ అనే ఆవిడ, 1900ల మొదటి నుంచీ ఊరూరా తిరిగి పెళ్లికాని తల్లుల గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. హామర్‌లో చదువులకు పేరున్న ఇంట్లో పుట్టిన మనిషి. ఆవిడ తల్లి పదిమంది పిల్లల్ని కని, యాభై దాటకుండానే పోయింది. కానుపుల భారం ఆడమనిషిని ఎలా తినేస్తుందో ఇంట్లోనే చూసిన ఆవిడ, జీవితమంతా తల్లుల కోసమే పనిచేశారు. 1924లో ఓస్లోలో తల్లుల ఆరోగ్య సలహా కేంద్రం తెరిపించిందీ ఆవిడే. చట్టం కాస్ట్‌బెర్గ్ పేరుతో నిలిచిపోయింది గానీ, దాని వెనుక ఆవిడ చెమట కూడా అంతే ఉందని నా నమ్మకం. చమురు, గ్యాస్ క్షేత్రాలకు ఈ దేశం ఆస్తా హాన్‌స్టేన్, గీనా క్రోగ్ లాంటి, ఆడవాళ్ల హక్కుల కోసం పోరాడినవాళ్ల పేర్లు పెట్టింది. ఆంకర్ మొల్లెర్ పేరు కూడా పెడితే నాకు చాలా సంతోషం.

న్యాయశాఖ మంత్రిగా ఉన్నప్పుడే, 1909లో, కాస్ట్‌బెర్గ్ తొలి ప్రతిపాదన తెచ్చారు. అది చట్టం కావడానికి 1915 ఏప్రిల్ 10 దాకా పట్టింది. అప్పటికి ఆయన మంత్రి పదవిలో లేరు. మొత్తం ఆరు చట్టాలు. అందులో ముఖ్యమైనది, ఒకరినొకరు పెళ్లి చేసుకోని తల్లిదండ్రుల బిడ్డల గురించి. తండ్రి ఎవరో తేలితే ఆ బిడ్డకు తండ్రి ఇంటిపేరు పెట్టుకునే హక్కు ఉంటుంది. తండ్రి ఆస్తిలో, ఆయన పెళ్లి చేసుకున్న భార్య పిల్లలతో సమానంగా వాటా వస్తుంది. తండ్రి ఎవరో తేల్చే బాధ్యత, పోషణ ఖర్చు వసూలు చేసే బాధ్యత అధికారుల మీద పెట్టారు. పేద తల్లికి కానుపు ముందు కొన్ని వారాలు, తర్వాత కొన్ని నెలలు స్థానిక సంస్థ నుంచి సాయం అందే ఏర్పాటు చేశారు. నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేసేది ఇంకో నిబంధన. బిడ్డ పెంపకం ఏ స్థాయిలో ఉండాలన్నది తల్లి, తండ్రి ఇద్దరిలో ఎవరి స్థితి మెరుగ్గా ఉంటే వాళ్లని బట్టి నిర్ణయించాలి. అంటే పెద్దింటి కొడుకు వల్ల పనిమనిషికి పుట్టిన బిడ్డ పనిమనిషి బిడ్డలా కాకుండా పెద్దింటి బిడ్డలా పెరగాలని, వందేళ్ల కిందట, కాగితం మీద రాశారు.

ఆ చట్టంలో లోపాలు లేవని నేను అనను. బిడ్డ తండ్రి ఎవరో తల్లి చెప్పాలి, అధికారుల ప్రశ్నలకు జవాబివ్వాలి. చెప్పడం ఇష్టంలేని ఆడవాళ్లకు అది నరకంగానే ఉండి ఉంటుంది. కడుపు వచ్చిన సమయంలో ఆ తల్లికి వేరే మగవాడితో కూడా సంబంధం ఉందని తేలితే బిడ్డకు పోషణ ఖర్చు వస్తుందే తప్ప పేరూ, వాటా రావు. పెళ్లయిన తల్లుల పిల్లలకు ఒక చట్టం, కాని తల్లుల పిల్లలకు ఇంకో చట్టం అన్న పద్ధతి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సాగి, 1981లో గానీ ఇద్దరికీ ఒకే చట్టం రాలేదు. అయినా సరే, 1916 జనవరి 1న అది అమల్లోకి వచ్చేసరికి యూరప్‌లో ఇంత దూరం వెళ్లిన దేశాలు చాలా అరుదు.

ఇప్పుడు మీరు శ్రద్ధగా వినాలని కోరేది దాన్ని వ్యతిరేకించిన వాళ్ల మాటలు. ఆరేళ్లపాటు ఈ దేశం ఆ వాదనతో అట్టుడికిపోయింది. పెళ్లికి విలువ లేకుండా పోతుందన్నారు. కుటుంబం కూలిపోతుందన్నారు. ఇల్లాలికీ ఆమె పిల్లలకూ అన్యాయం జరుగుతుందన్నారు. ఆడవాళ్ల సంఘాల్లోనూ చీలికలు వచ్చాయి. పెళ్లయి, పరువుగా బతుకుతున్న ఆడవాళ్లలో చాలామంది ఈ చట్టం వద్దనే అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోవడం లేదు. భయపడ్డారు. తమ పిల్లల వాటా మరొకరికి పోతుందని, తమ పరువుకు ఉన్న కంచె పడిపోతుందని భయపడ్డారు. వందేళ్ల తర్వాత ఇక్కడ పుట్టే పిల్లల్లో సగానికి పైగా పెళ్లి చేసుకోని తల్లిదండ్రుల పిల్లలే. పెళ్లిళ్లూ జరుగుతూనే ఉన్నాయి. మే, జూన్ నెలల్లో చర్చిల ముందు మీరూ చూస్తారు.

సరే, ఈ కథకూ మన సంఘాలకూ సంబంధం ఏమిటంటారా? చెబుతాను.

నేను ఇక్కడ ఒక కిండర్‌గార్టెన్‌లో పనిచేస్తాను. శనివారాలు మన పిల్లలకు తెలుగు చెబుతాను. మా కిండర్‌గార్టెన్‌లో చేరేటప్పుడు నింపే కాగితంలో సంరక్షకులు 1, సంరక్షకులు 2 అని రెండు గళ్లు ఉంటాయి. రెండోది ఖాళీగా ఉంటే ఎవరూ ఏమీ అడగరు. మన సంఘాల్లో ఒకటి పండగ కార్యక్రమానికి పంపిన గూగుల్ ఫారం కూడా నేను చూశాను. పిల్లల పేరు, వయసు, పాటా, పద్యమా, డాన్సా అన్న ప్రశ్న. దాని కింద తండ్రి పేరు, పక్కన ఎర్ర నక్షత్రం గుర్తు. తర్వాత గోత్రం, దానికీ ఎర్ర గుర్తు. ఆ తర్వాత తల్లి పేరు. దానికి ఏ గుర్తూ లేదు. తండ్రి పేరు రాయకుండా బటన్ నొక్కితే ఫారం ముందుకు కదలదు.

మా శనివారం తెలుగు తరగతిలో ఒక పాప ఉండేది. తల్లి ఒక్కతే పెంచుతోంది. ఎందుకు, ఎలా అన్నది నాకూ మీకూ అనవసరం. పండగ ఫారంలో 'తండ్రి పేరు' అన్న గడిలో ఆ తల్లి ఒక అడ్డగీత పెట్టి పంపింది. మర్నాడు ఫోన్ వచ్చింది. "ఏమ్మా, మీవారి పేరు రాయడం మర్చిపోయినట్టున్నారు." ఆమె సర్దిచెప్పుకుంది. పండగ రోజు స్టేజీ మీదికి ఒక్కో బిడ్డనూ "ఫలానా గారి అబ్బాయి", "ఫలానా గారి అమ్మాయి" అంటూ పిలిచారు. ఈ పాప వంతు వచ్చేసరికి యాంకర్ చేతిలోని కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, మైకులోనే, "నాన్నగారి పేరేంటమ్మా?" అని ముద్దుగా అడిగారు. పాప తల్లి కూర్చున్న వైపు చూసింది. తల్లి కుర్చీలోంచి సగం లేచింది. హాల్లో వెనక వరుసల్లో గుసగుసలు నాకు వినిపించాయి. పాప జవాబు చెప్పకుండానే పద్యం అందుకుంది. రెండు నెలలు పాపకు ఆ పద్యం నేర్పింది నేనే. ఒక్క తప్పు లేకుండా చెప్పింది, కానీ నేను నేర్పిన రాగం లేదు. గబగబా ఒప్పజెప్పి దిగిపోయింది. ఆ తర్వాత ఆ తల్లీకూతుళ్లు మళ్లీ మన కార్యక్రమాలకు రాలేదు.

ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఫారం చేసిన అబ్బాయి పాతది కాపీ చేసుకున్నాడు. యాంకర్ ప్రేమగానే అడిగారు. అయితే మనందరికీ భారతం తెలుసు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కృపాచార్యుడు నీ తల్లిదండ్రులెవరని అడిగితే కర్ణుడు తలదించుకున్న ఘట్టం వచ్చినప్పుడల్లా మన గొంతు పట్టేస్తుంది. ఆ సభలో మనం ఉంటే కర్ణుడి పక్షానే నిలబడేవాళ్లమని అందరం అనుకుంటాం. ఆ రోజు ఆ హాల్లో రెండొందల మందికి పైగా ఉన్నాం. నాతో సహా ఒక్కరం నోరు విప్పలేదు.

"చట్టం ఉందిగా, ఇంకేం కావాలి?" అని మీలో ఎవరైనా అనొచ్చు. చట్టం ఉన్నా ఊరి నోరు ఎంత పని చేస్తుందో ఈ దేశ చరిత్రే చెబుతుంది. 1940 నుంచి 45 దాకా జర్మన్లు నార్వేను ఆక్రమించుకున్నారు. జర్మన్ సైనికుల వల్ల నార్వే అమ్మాయిలకు 10,000 నుంచి 12,000 మంది పిల్లలు పుట్టారు. కాస్ట్‌బెర్గ్ చట్టాలు అమల్లోకి వచ్చి అప్పటికి పాతికేళ్లు దాటింది. అయినా యుద్ధం ముగిశాక ఆ పిల్లలు బడిలో, వీధిలో, కొందరైతే సొంత ఇళ్లలో కూడా పడ్డ మాటలు, తిన్న దెబ్బలు అన్నీ ఇన్నీ కావు. వాళ్ల తల్లులను జుట్టు కత్తిరించి వీధుల్లో తిప్పారు. 2000 సంవత్సరం కొత్త ఏడాది ప్రసంగంలో ప్రధాని బొందెవిక్ ఆ పిల్లలకు క్షమాపణ చెప్పేసరికి వాళ్లకు యాభై దాటింది. తల్లులకు ప్రభుత్వం తరఫున ప్రధాని ఎర్నా సూల్బర్గ్ క్షమాపణ చెప్పింది 2018లో. అప్పటికి ఆ తల్లుల్లో చాలామంది లేనే లేరు.

ఆ పిల్లల్ని బాధపెట్టింది పక్కింటివాళ్లు, టీచర్లు, తోటి పిల్లల అమ్మానాన్నలు. ఇక్కడున్న ఆ తెలుగు పాపకు పక్కింటివాళ్లు, టీచర్లు, తోటి పిల్లల అమ్మానాన్నలు అంటే మనమే. ఇక్కడి ప్రభుత్వం ఆ పాపను ఏమీ అడగదు. ఇక్కడ పుట్టిన బిడ్డకు ఆరు నెలల్లోగా ఇంటిపేరు ఎంచుకోకపోతే తల్లి ఇంటిపేరే వస్తుంది. మన భారత ప్రభుత్వం కూడా అడగదు. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మార్చి, దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు ఇస్తే చాలన్నారు. అంతకు ముందు ఏడాదే, పెళ్లికాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలిగా ఉండటానికి తండ్రి పేరు చెప్పనక్కర్లేదని మన సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రెండు దేశాలూ వదిలేసిన ప్రశ్నను మన పండగ ఫారం మాత్రం ఎర్ర గుర్తు పెట్టి మరీ అడుగుతోంది.

పోయినసారి ఈ మాట ఒక పెద్దాయనతో అన్నాను. ఎంతో గౌరవించే మనిషి. "ఇవాళ ఫారం మారుస్తావు, రేపు మన పిల్లలకు పెళ్లంటే లెక్కుంటుందా?" అన్నారు. నాకు కోపం రాలేదు, దిగులేసింది. ఆయన భయం నిజమైనదే. పరాయి దేశంలో పిల్లలు చేజారిపోతారేమోనన్న టెన్షన్ మనందరిదీ. కానీ బాబాయిగారూ, ఆ రోజుల్లో ఇక్కడి పెద్దలు కాస్ట్‌బెర్గ్‌తో అన్న మాట దాదాపు ఇలాంటిదే. పెళ్లి గౌరవం కాపాడటానికి ఒక పసిపిల్లను స్టేజీ మీద నిలబెట్టి నాన్న పేరు అడగాల్సిన అవసరం లేదు. మీ ఇంటికి వచ్చే పిల్లలు మీరూ పిన్నిగారూ ఒకరినొకరు చూసుకునే తీరు చూసే పెళ్లంటే ఏమిటో నేర్చుకుంటున్నారు. ఫారం చూసి కాదు.

నేను అడిగేవి చిన్నవి. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతాయి.

తండ్రి పేరు, తల్లి పేరు అన్న గళ్లు తీసేసి 'పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్లు' అని రెండు గళ్లు పెట్టండి. ఒకటి నింపితే చాలనేలా చేయండి. పిల్లల కార్యక్రమానికి గోత్రంతో పనేలేదు, అది పూర్తిగా తీసేయండి. అర్చన చేయించుకునేవాళ్లను పంతులుగారు అక్కడికక్కడే అడుగుతారు. ఎవరి గోత్రం చెప్పుకోవాలన్నది వాళ్ల ఇష్టం. స్టేజీ మీదికి పిలిచేటప్పుడు పిల్లల్ని వాళ్ల పేరుతోనే పిలవండి. పద్యం చెప్పేది ఆ బిడ్డ. ఫ్యామిలీ టికెట్ అంటే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అని రాసి, ఒక్క పెద్దమనిషి వస్తే విడివిడిగా కొనమంటున్నారు. దానివల్ల ఒంటరి తల్లికి, ఒంటరి తండ్రికి ఖర్చు ఎక్కువవుతోంది. భార్యను పోగొట్టుకుని ఇద్దరు మగపిల్లల్ని పెంచుతున్న ఒక అన్నయ్య ఈ మాట నాతో అన్నారు. ఆయనకూ మన ఫారం ఇబ్బందిగానే ఉంది.

ఇంకొకటి ఫారంలో రాయలేని విషయం, కానీ అడుగుతున్నాను. భోజనాల దగ్గర "వాళ్లాయన ఎక్కడ?" అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాట మార్చండి. కార్యవర్గంలో ఉన్న వదినలు, అక్కలు మాట మారిస్తే మిగతావాళ్లూ మారుస్తారు. నా అనుభవంలో అది నిజం.

ఉగాది కార్యక్రమం పేర్ల నమోదు ఇంకా మొదలుకాలేదు. కొత్త ఫారం నేనే తయారుచేసి ఈ ఉత్తరంతో పాటు మీ అందరికీ పంపుతున్నాను. తెలుగులో, నార్వేజియన్‌లో రెండింటిలోనూ ఉంది. దిద్దాల్సినవి ఉంటే దిద్దండి. రాబోయే కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టి, ఒప్పుకుంటే ఒప్పుకున్నామని, లేకపోతే ఎందుకు ఒప్పుకోలేదో సభ్యులందరికీ రాతపూర్వకంగా చెప్పండి. ఆ పాప తల్లితో మాట్లాడాను. ఫారం మారితే ఈసారి వస్తామంది.

ఇట్లు,
మీ పిల్లలకు శనివారం తెలుగు చెప్పే ఒక టీచర్
ఓస్లో